వాపూ బలుపూ

పెంచలయ్యకు మూడో ఏడు నడుస్తున్నప్పుడు వాళ్ళ వీధిలో అందరూ వాడి బుగ్గలు పుణికి మెచ్చుకునేవారట. తక్కిన పిల్లలు పక్కటెముకలు తేలి తిరుగుతుంటే, వీడొక్కడే చెంపలు ఉబ్బి, పాదాలు మెత్తగా, గుండ్రంగా ఉండేవాడు. "నాగులమ్మ యాడనో దాసిపెట్టి తినిపిస్తా ఉండాది" అని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కునేవారు. ఆ మాటలు చెవిన పడితే వాడి తల్లి నాగులమ్మ కోపం నటించేది కానీ, లోపల సంతోషపడేది. ఇదంతా ఆమే నాకు తర్వాత చెప్పింది. చెప్తున్నంతసేపూ నా వైపు చూడలేదు.

అది నలభై ఆరో సంవత్సరం. నేను చిత్తూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. నాగులమ్మది పుత్తూరుకు రెండు మైళ్ళ దూరంలో ఒక నేతవాళ్ళ పల్లె. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళుంటాయి. యుద్ధం ఆగిపోయింది కానీ మగ్గాలకు నూలు రాలేదు. ఆమె భర్త గంగాధరం ఆరునెలలు ఉత్త మగ్గం ముందు కూర్చుని, చివరకు పని వెతుక్కుంటూ మద్రాసు రైలెక్కాడు. ఇంట్లో మిగిలింది నాగులమ్మ, అత్త తాయమ్మ, కొడుకు పెంచలయ్య, చంటిబిడ్డ మునిలక్ష్మి.

రెండేళ్ళుగా వానల్లేవు. ఊరి బయట సర్కారువాళ్ళు గంజి కేంద్రం పెట్టారు. కర్రపెండలం పిండిలో గుప్పెడు నూకలు వేసి కాచేవారు. ఆ డేగిసా ముందు నిలబడి గంజి కలిపే పని నాగులమ్మకు దొరికింది. అందుకు ఆమెకు రోజూ ఒక గరిటె ఎక్కువ పోసేవారు. ఆ ఎక్కువ గరిటె కొడుక్కే పోసేది. తాయమ్మ కూడా తన వంతులో సగం మనవడికే తాపించేది. అందుకే వాడు ఆకలికి ఏడ్చిన రోజు లేదు. కడుపు ఎప్పుడూ నిండుగానే ఉండేది.

మునిలక్ష్మి కడుపులో పడ్డప్పుడే వాడు తల్లిపాలు మానాడు. ఆ తర్వాత వాడు పాలు చూడలేదు, పప్పు చూడలేదు.

ముందు జుట్టు రంగు మారింది. నల్లటి జుట్టు ఎర్రబారి, దువ్వితే ఊడి చేతిలోకి వచ్చేది. తర్వాత తొడల మీద చర్మం నల్లగా కమిలి, పెంకులు పెంకులుగా లేచింది. అన్నిటికంటే నాగులమ్మను భయపెట్టింది వాడి మౌనం. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చునేవాడు. ఆడడు, నవ్వడు, పలకరిస్తే మూలుగుతాడు. "సంటిదాని మీద కుళ్ళు. ఎడపిల్లోడు గదా, ఎనక ఇంకొకటి పుట్టినాక అట్లే ఉంటాడు" అంది తాయమ్మ.

పాదాలు మరీ ఉబ్బి నడవలేకపోయేసరికి, ఎక్కడో పడి కాలు బెణికిందనుకుని తాయమ్మ వాణ్ణి ఎత్తుకుని పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళ దగ్గరకు వెళ్ళింది. అక్కడి పెద్దాయన పిల్లవాడి పాదాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. నొక్కినచోట గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు.

"అవ్వా, ఇది కట్టు కట్టే పని కాదు. ఎముక బాగుండాది. ఒంట్లో నీరు సేరింది. నా మాట ఇని సిత్తూరు పెద్దాసుపత్రికి తీసుకపో" అన్నాడాయన. కట్టు కట్టలేదు కాబట్టి ఏమీ తీసుకోలేదు కూడా.

మర్నాడే నాగులమ్మ కొడుకును భుజాన, చంటిదాన్ని చంకన వేసుకుని, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో చిత్తూరు వచ్చింది. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు ఆగేది, జనం దిగి తోసేవారు. మా వార్డుకు చేరేసరికి సాయంత్రమైంది. పిల్లవాణ్ణి తూకం వేసింది నేనే. అంత నీరు ఉండి కూడా వాడు ఏడాది బిడ్డంతే తూగాడు.

మా డాక్టరమ్మ జ్ఞానాంబగారు వాణ్ణి చూడగానే జబ్బు గుర్తుపట్టారు. ఆ వేసవిలో అలాంటి బిడ్డలు మా వార్డులో అప్పటికే పద్నాలుగు మంది. మీగడ తీసిన పాలపొడి డబ్బాలు కొన్ని వచ్చాయి. ఆ పొడి కలిపి, రెండు గంటలకొకసారి నాలుగు చెంచాల చొప్పున పట్టమన్నారు. ఉప్పు తగలనివ్వద్దన్నారు. నాగులమ్మ గడియారం చూడటం రాకపోయినా వేళ తప్పేది కాదు. నేను మరిచిపోయినా తనే గ్లాసు పట్టుకుని వచ్చి, "అక్కా, యాళయింది" అని నిలబడేది. నాకంటే రెండేళ్ళు పెద్దది, అయినా అక్కా అనే పిలిచేది.

ఏడో రోజు నుంచి వాపు తగ్గడం మొదలైంది. పదో రోజుకు ఒంట్లో నీరంతా పోయింది. నీరు పోయాక మిగిలింది వాడి అసలు ఒళ్ళు. చేతులు పుల్లల్లా, పిరుదుల మీద చర్మం ముడతలు ముడతలుగా వేలాడుతూ, ముఖం ముసలివాడి ముఖంలా. మాకది మంచి గుర్తు. ఆ పొద్దున వాడు మొదటిసారి చెంచా కోసం తనంతట తానే చెయ్యి చాచాడు. నేను చూసి డాక్టరమ్మకు చెప్పాలనుకున్నాను. ఆమె కష్టంగా ఉన్న కాన్పు కోసం బంగారుపాళ్యం వెళ్ళి ఉన్నారు.

అదే రోజు మధ్యాహ్నం తాయమ్మ మనవణ్ణి చూడటానికి వచ్చింది. మంచం దగ్గరకు వచ్చి, ఇది మా బిడ్డ కాదన్నట్టు పక్క మంచం వైపు చూసింది. మళ్ళీ వీడి ముఖంలోకి వంగి చూసి, గట్టిగా కేక పెట్టింది.

"ఏందే ఇది! గుండు మాదిరి పిల్లోన్ని ఎత్తకొస్తివి, పుల్ల మాదిరి సేసి పెట్టినారు గదే! బువ్వ లేదు, గంజి లేదు, తెల్లనీళ్ళు తాపించి నా మనవణ్ణి ఎండబెట్టినారు!"

"కాదత్తా, వాపు దిగింది" అంది నాగులమ్మ. కానీ ఆమె గొంతులో కూడా నమ్మకం లేదు. మూడు రోజులుగా ఆమె కూడా అదే చూస్తోంది. రోజురోజుకూ కరిగిపోతున్న కొడుకును.

నేను పరుగెత్తుకుని వెళ్ళాను. "అవ్వా, వైద్యం సగంలో ఉంది. ఇప్పుడు తీసుకెళ్ళకూడదు" అన్నాను.

"పూర్తి అయ్యేలోపల పిల్లోడే పూర్తి అవతాడు. మీకు పిల్లోళ్ళు పుట్టినారా? మీకేం తెలుసును?"

నాగులమ్మ నా ముఖంలోకి చూసింది. నేను ఒక్క మాట చెబుతానని ఎదురుచూసింది. ఆ మాట నాకు తెలుసు. 'ఆ లావు రోగం, ఈ సన్నదనం రోగం తగ్గడం' అని చెప్తే చాలు. కానీ నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. వార్డులో ఇంకో బిడ్డ ఆయాసపడుతోంది. ముసలామె నోటికి జడిసి, పుస్తకంలో రాసుకున్న మాటే మళ్ళీ అన్నాను: "డాక్టరమ్మ వచ్చేదాకా ఆగండి. నియమం అది." నియమం మాట వినగానే నాగులమ్మ కళ్ళు దించుకుంది. గంజి కేంద్రంలో ఆ మాట ఆమె రోజూ వినేది.

సాయంత్రం బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంటికి పోయాక తాయమ్మ వాడికి మళ్ళీ పెండలం గంజి కడుపునిండా తాపించింది. నాలుగు రోజుల్లో మళ్ళీ బుగ్గలు ఉబ్బాయి. "సూడు, మళ్ళీ ఒళ్ళు సేసినాడు" అని వీధిలో అందరికీ చూపించింది. తొమ్మిదో రోజు తెల్లవారి లేపబోతే వాడి ఒళ్ళు చల్లగా ఉంది.

నెల తర్వాత నాగులమ్మ చంటిదాన్ని ఎత్తుకుని మళ్ళీ వచ్చింది. బిడ్డకు జబ్బేమీ లేదు. డాక్టరమ్మ గది బయట పొద్దుటి నుంచి కూర్చుని, రోగులందరూ వెళ్ళాక లోపలికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, నేను కొట్లాటకు రాలేదు. ఒకటే మాట అడిగి పోతాను. కడుపు నిండా గంజి తాగిన బిడ్డ ఏల సచ్చిపోయినాడు? ఈడికి వస్తే ఏల సన్నబడినాడు?"

జ్ఞానాంబగారు ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చోలేదు, నేల మీదే కూర్చుంది. డాక్టరమ్మ కూడా కుర్చీ దిగి ఎదురుగా చాప మీద కూర్చున్నారు.

"గంజి ఒంటికి కట్టెలాంటిదమ్మా. పొయ్యి మండుతుంది. కానీ కట్టెలతో ఇల్లంతా కట్టుకోలేం కదా. కండ, చర్మం, జుట్టు, గోళ్ళు, ఇవన్నీ మాంసకృత్తులు అనే సరుకుతో తయారవుతాయి. తిన్నది అరగాలన్నా కడుపులో ఊరే రసాల్లో అవే ఉండాలి. దగ్గు, జ్వరం వస్తే లోపల పోట్లాడేవీ అవే. నెత్తురులో కూడా ఒక మాంసకృత్తు ఉంది. నీటిని నాళాల్లో పట్టి ఉంచే పని దానిది. అది తగ్గిపోతే నీరు బయటికి ఊరి, చర్మం కింద నిలుస్తుంది. నువ్వు చూసిన లావు ఆ నీరే."

"ఆ సరుకు గంజిలో ల్యాదా?" అంది నాగులమ్మ.

"పెండలంలో దాదాపు లేదు. నువ్వు నేత పని చేస్తావు కదా. ఒక చీరకు ఎన్ని రంగుల నూలు కావాలి?"

"అంచుకు, కొంగుకు కలిపి ఆరేడు."

"మాంసకృత్తు నేయడానికి ఇరవై రకాల నూలు కావాలనుకో. వాటిని అమైనో ఆమ్లాలంటారు. కొన్నిటిని మన ఒళ్ళే వడుక్కుంటుంది. ఒక ఎనిమిదీ పదీ మాత్రం వడకలేదు, తిండిలో నుంచే రావాలి. వాటిలో ఒక్క రంగు అయిపోతే?"

"మగ్గం నిలబడిపోతుంది" అంది నాగులమ్మ. "తక్కిన నూలు ఎంతున్నా ఊరికే పడుంటుంది."

"అదే. రాగుల్లో ఒక రంగు తక్కువ. ఆ రంగు ఉలవల్లో దండిగా ఉంది. ఉలవల్లో తక్కువైన రంగు రాగుల్లో ఉంది. రెండూ కలిపి తింటే మగ్గం నడుస్తుంది. పాలల్లో అన్ని రంగులూ ఉన్నాయి. మేము పట్టింది ఆ పాలే. నెత్తురు బలపడి, లోపల నిలిచిన నీటిని బయటికి తోసేసింది. అందుకే సన్నబడ్డాడు."

"అంటే..." నాగులమ్మ ఆగిపోయింది. చంటిదాన్ని ఒక తొడ మీద నుంచి మరో తొడ మీదికి మార్చుకుంది. "అంటే మేము ఎత్తుకపోయిన పొద్దుకు వాడు బాగవతా ఉండినాడా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "అవునమ్మా" అన్నారు.

నాగులమ్మ ఏడవలేదు. లేచి, వరండాలోకి వెళ్ళి, గోడకు ఆనుకుని నిలబడింది. నేను వెనకాలే వెళ్ళాను. "ఆ రోజు నేనే చెప్పాల్సింది. నాకు తెలుసు. చెప్పలేదు" అన్నాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నాకూ నోరుండె గదక్కా. నేనూ అడగలేదు" అని మాత్రం అంది.

తర్వాతి సంగతి నేను కొంత విన్నదీ కొంత చూసిందీ.

గంజి కేంద్రం చూసుకునే ఆయన పేరు వెంకటేశ్వర్లు. చెడ్డవాడేం కాదు. నాగులమ్మ వెళ్ళి గంజిలో ఉలవలు వెయ్యాలంటే ఆయన నవ్వాడు.

"పైనుంచి ఏం వస్తే అది కాస్తామమ్మా. ఉలవలు ఎద్దులకు గదా పెట్టేది?"

"ఎద్దు బలంగా ఉండాది, నా బిడ్డ సచ్చినాడు" అంది నాగులమ్మ. "నేను తెస్తే వేస్తావా, వెయ్యవా?"

ఆయన నవ్వడం మానేసి, తెస్తే వేస్తానన్నాడు. నాగులమ్మ చుట్టుపక్కల రైతుల ఇళ్ళకు వెళ్ళింది. గడ్డి లేక ఎద్దులను అమ్ముకున్న ఇళ్ళు అవి. ఎద్దుల కోసం దాచిన ఉలవలు కుండల్లో అడుగూ బొడుగూ మిగిలి ఉన్నాయి. కొందరు గుప్పెడు పోశారు, కొందరు కుక్కను ఉసిగొల్పారు. దొరికిన ఉలవలను వేయించి, విసిరి, ఆ నెల కేంద్రానికి వచ్చిన రాగిపిండితో కలిపి కాచింది. మొదటి రోజు నేతవీధి ఆడవాళ్ళే ఆ గంజిని నేలపాలు చేశారు. "మేము పశువులమా? కరువొచ్చిందని కులం కూడా పోతుందా?" అన్నారు. నాగులమ్మ అందరి ముందూ కూర్చుని, మునిలక్ష్మిని ఒళ్ళో పెట్టుకుని, తను తాగి బిడ్డకు తాపించింది. నాలుగైదు రోజులకు ఆ గంజి పారబోసేవాళ్ళు తగ్గారు. తాగాలని కాదు, ఇంకేం లేక.

అప్పటి నుంచి ఉబ్బిన బిడ్డ ఏ వీధిలో కనిపించినా ఆమె వేలితో పాదం నొక్కి చూసేది. గుంట పడితే తల్లిని, బిడ్డను వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చేది. తీసుకొచ్చి వదిలేసి పోయేది కాదు. వాపు తగ్గే రోజు వచ్చేదాకా ఆ తల్లి పక్కనే ఉండేది. "రేపో ఎల్లుండో నీ బిడ్డ పుల్ల మాదిరి అవతాడు. నీకు బయమవతుంది. ఎవురో ఒకరు వచ్చి ఎత్తుకపొమ్మంటారు. పోవద్దు" అని ముందే చెప్పేది. అలా ఆమె తెచ్చిన బిడ్డలు తొమ్మిదిమంది. ఐదుగురు బతికారు. నలుగురిని ఆలస్యంగా తెచ్చింది. ఆ నలుగురి తల్లుల్లో ఒకామె నాగులమ్మను నడివీధిలో పట్టుకుని, నీ మాట విని బిడ్డను చంపుకున్నానని కొట్టింది.

మరుసటి ఏడు కలరా సూదులు వేయడానికి మమ్మల్ని ఆ పల్లెకు పంపారు. రెండు రోజులు నాగులమ్మ ఇంట్లోనే దిగాను. తాయమ్మను గుర్తుపట్టలేకపోయాను. మనవడు పోయాక ఆమె తిండి సగానికి సగం తగ్గించిందట. ఆమెకు కూడా కాళ్ళలో నీరు దిగింది. ఉలవల గంజి వద్దని మొండికేస్తే, కోడలే పిల్లకు పట్టినట్టు ఆమె తల ఎత్తి పట్టుకుని తాపించింది. నేను వెళ్ళేసరికి అలా తాపించడం మొదలై మూడు వారాలైంది. వాపు పూర్తిగా తగ్గింది.

పొద్దున ఎండలో తాయమ్మ వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాత చీర మోకాళ్ళ దాకా లాక్కుని తన పిక్కలను తానే తడుముకుంటోంది. ఎముక మీద తోలు తప్ప ఏమీ లేదు. కానీ ఆమె లేచి నడవగలుగుతోంది, కళ్ళలో తేట వచ్చింది. ఎండుకట్టెల్లాంటి ఆ కాళ్ళను చాలాసేపు చూసుకుంది. నాగులమ్మ పక్కనే తిరగలి విసురుతోంది.

"నాగులూ" అంది తాయమ్మ.

"ఏందత్తా?"

"ఇంత లావుండిన కాళ్ళు ఇట్ల సన్నబడె. నాకు పానం బాగుండాది."

"ఆఁ. నీరు పోయింది."

తాయమ్మ మళ్ళీ కాళ్ళ వైపు చూసింది.

"అట్లయితే... పిల్లోడు? ఆ పొద్దు ఆసుపత్రిలో..." మాట పూర్తి చేయలేదు.

తిరగలి ఆగింది. నాగులమ్మ తలెత్తి నా వైపు చూసింది. ఈసారి ఆమె చూపు నన్ను మాట్లాడవద్దంటోంది.

"వానిది వేరే జబ్బత్తా" అంది. "వాడు పోయేవాడే. ఈ అక్కే సెప్పింది. ఆడుంటే ఆడ పోయుండు, ఈడుంటే ఈడ పోయినాడు."

తాయమ్మ నన్ను చూసింది. నేను తల ఊపాను.

ముసలామె నమ్మిందో లేదో నాకు తెలియదు. చీర కిందికి లాగి కాళ్ళు కప్పుకుంది. ఆ రోజు ఆమె గంజి ముట్టలేదని నాగులమ్మ తర్వాత చెప్పింది. మరుసటి రోజు బతిమాలితే తాగింది. ఆ తర్వాత ఒక పూట తాగేది, రెండు పూటలు వద్దనేది. వాన కురిసిన ఏడు, ఆషాఢంలో పోయింది.

వానలు రావడంతో గంజి కేంద్రం ఎత్తేశారు. గంగాధరం మద్రాసులో ఒక బట్టల మిల్లులో చేరి రమ్మని కబురు చేశాడు. నాగులమ్మ మగ్గాన్ని విప్పి ఎవరికో ఇచ్చేసి, మునిలక్ష్మిని తీసుకుని పుత్తూరులో రైలెక్కింది. వెళ్ళేముందు చిత్తూరు వచ్చి డాక్టరమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, ఆమె పట్టుకుని లేపి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

ఆమె దగ్గర నుంచి ఒకే ఒక కార్డు వచ్చింది. ఎవరిచేతనో రాయించింది. మునిలక్ష్మి బడికి పోతోందట. గంగాధరానికి మిల్లు దుమ్ము పడక దగ్గు పట్టుకుందట. వాళ్ళుండే సందులో ఎర్రజుట్టు పిల్లలు ముగ్గురున్నారు, వేలితో నొక్కితే గుంట పడుతోంది, ఇక్కడ ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలో తెలియదు, అరవం సరిగా రాదు, ఆ తల్లులు నా మాట వినడం లేదు, డాక్టరమ్మను ఒక చీటీ రాసివ్వమని అడుగు అని ఉంది.

జ్ఞానాంబగారు అరవంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండు ఉత్తరాలు రాసి ఆ రోజే పంపించారు. ఆ ఉత్తరాలు అందాయని కానీ, అందలేదని కానీ మాకు మళ్ళీ కబురు రాలేదు.